వెండి రూపాయి మీది చిన్న గుర్తు
(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గంజాం జిల్లాలోని తెలుగు ఇండ్లలో పాత పెట్టెల అడుగున పసుపు గుడ్డలో ముడివేసి దాచిన వెండి రూపాయలు నేటికీ అక్కడక్కడ కనబడుచుండును. కొన్ని పెండ్లిలో తలంబ్రాలనాడు చేతికి వచ్చినవి. కొన్ని పసిబిడ్డను తొలిసారి చూచినప్పుడు అమ్మమ్మో నాయనమ్మో గుప్పిట్లో పెట్టినవి. కొన్ని దీపావళినాడు లక్ష్మీదేవి పీటమీదికి మాత్రమే వెలుపలికి వచ్చునవి. ఇంటిలోనివారు వాటిని "రాణి బొమ్మ రూపాయి", "రాజు బొమ్మ రూపాయి" అని రెండు రకములుగా మాత్రమే ఎరుగుదురు. వెండి ధర పెరిగిన కాలమున, ఆడపిల్ల పెండ్లి కుదిరినప్పుడో, ఆసుపత్రి ఖర్చు మీద పడినప్పుడో ఆ ముడి విప్పుదురు. దుకాణములో అన్నింటిని ఒకే త్రాసు పళ్లెములో పోసి ఒకే ధర కట్టుదురు. సాయంకాలమునకు అవి మూసలో కరిగి ముద్ద యగును.

ఇందులో రెండు నష్టములున్నవి. మొదటిది డబ్బుకు సంబంధించినది. చూచుటకు ఒక్కటిగానే ఉన్న రెండు రూపాయలలో ఒకదానిలోని వెండి రెండవదానిలో ఇంచుమించు సగమే ఉండవచ్చును. ఆ సంగతి తెలియని ఇల్లాలు మోసపోవును. రెండవది చరిత్రకు సంబంధించినది. ఆ రూపాయి ఏ ఊరి టంకశాలలో పుట్టినదో, ఏ దారిన గంజాం చేరినదో చెప్పగల సాక్ష్యము దానిమీదనే ఆవగింజంత గుర్తు రూపమున ఉన్నది. కరిగినచో ఆ సాక్ష్యము మరల దొరకదు. ఆ గుర్తును చదువుట ఎట్లో వివరించుటయే ఈ ప్రసంగ విషయము.

టంకశాల - గుర్తు

నాణెములు ముద్రించు చోటును తెలుగువారు టంకశాల అన్నారు. దానికే కమ్మటమన్న పాత పేరు కలదు. "టంకశాల" అన్న ఇంటిపేరు గలవారు ఆంధ్రదేశమున నేటికీ ఉన్నారు. పూర్వులు చేసిన వృత్తిని ఇంటిపేరు భద్రపరచినట్లే, నాణెము తన పుట్టినింటి పేరును గుర్తు రూపమున భద్రపరచును.

ఈ గుర్తు అలంకారము కొరకు పుట్టినది కాదు. ఒకే ప్రభుత్వము రెండు మూడు ఊళ్లలో నాణెములు కొట్టించునప్పుడు, ఎక్కడనో తూకము తగ్గినను, వెండిలో రాగి పాలు పెరిగినను, తప్పు ఏ టంకశాలదో తేల్చవలసి వచ్చును. అందుకై ప్రతి టంకశాల తన అచ్చులో ఒక చిన్న అక్షరమునో, చుక్కనో, పువ్వునో చేర్చినది. కనుక టంకశాల గుర్తనగా బాధ్యత వహించి చేసిన సంతకమని అర్థము.

కళింగమున పూర్వపు ముద్రలు

గుర్తులతో నాణెమును పోల్చుకొనుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. రుషికుల్యా నదీతీరమున, పురుషోత్తమపురం సమీపమున ఉన్న జౌగడ కొండమీద అశోకుని శాసనములున్నవి. మౌర్యుల కాలమున చలామణిలో ఉన్న వెండి నాణెములకు రాజు బొమ్మ లేదు, పేరు లేదు. కత్తిరించిన వెండి బిళ్లమీద సూర్యుడు, చెట్టు, కొండ, ఏనుగు వంటి ముద్రలను విడివిడిగా గ్రుద్దెడివారు. సాధారణముగా ఒకవైపున ఐదు ముద్రలుండును. తూకము సుమారు మూడున్నర గ్రాములకు కొంచెము తక్కువ. ఆ ఐదు ముద్రల కూర్పును బట్టియే పండితులు వాటిని తరగతులుగా విభజించినారు. అమరావతిలో దొరికిన అట్టి నాణెముల రాశిని పరిశీలించి పరమేశ్వరీలాల్ గుప్తా రచించిన గ్రంథమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1963లో ప్రకటించినది.

ముఖలింగము రాజధానిగా ఏలిన తూర్పు గాంగుల కాలమున చిన్న బంగారు పణములు వాడుకలోనికి వచ్చినవి. వాటిమీద పడుకొన్న నంది, అంకుశము, చంద్రవంక, రాజ్యసంవత్సరమును తెలుపు అంకె కనబడును. ఆ అంకెను ఉన్నదున్నట్లు చదివినచో తప్పు వచ్చును. కళింగ, ఒడిశా ప్రాంతముల అంక పద్ధతిలో ఒకటవ అంకము లేదు, ఆరు లేదు, ఆరుతోను సున్నతోను ముగియు సంఖ్యలు లేవు, పది ఒక్కటి మాత్రము మినహాయింపు. కనుక రాజు తొలి సంవత్సరము రెండవ అంకమగును; ఏడవ అంకమనగా నిజమునకు ఐదవ సంవత్సరము; ఇరువది యొకటవ అంకమనగా పదునేడవ సంవత్సరము. నాణెము మీది అంకెను నమ్మవలెను గాని, దానిని వ్రాసినవారి లెక్క తెలిసికొని నమ్మవలెనన్న పాఠము ఇందు కలదు. తరువాతి కాలపు వెండి రూపాయలకును ఈ పాఠమే వర్తించును.

తేదీ నిలిచిపోయిన రూపాయలు

గోలకొండ సుల్తానుల నాటికిని, మొగలుల నాటికిని గంజాం ప్రాంతము శ్రీకాకుళం సర్కారులో భాగము. "గంజాం" అన్న పేరే పారశీకమున ధనాగారమనియు ధాన్యాగారమనియు అర్థమిచ్చు "గంజ్" అన్న మాట నుండి వచ్చినదని చెప్పు వ్యుత్పత్తి ప్రచారములో ఉన్నది. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ పరమైనవి. 1758 డిసెంబరులో చెందుర్తి యుద్ధము, 1759లో మచిలీపట్నపు పతనము జరిగిన తరువాత ఫ్రెంచివారి ప్రాబల్యము తొలగినది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ద్వారా సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించినవి. 1768లో కంపెనీ తొలి రెసిడెంటుగా ఎడ్వర్డు కాట్స్‌ఫర్డు గంజాం వచ్చినాడు.

పాలకులు మారినను రూపాయి మీది పేరు మారలేదు. ప్రజలు ఎరిగిన రూపాయి మొగలు రూపాయి. కనుక ఫ్రెంచివారును ఇంగ్లీషువారును చక్రవర్తి పేరుతోనే, పారశీక లిపిలోనే నాణెములు కొట్టించినారు. వాటిపై "జర్బ్" అన్న మాటను వెదకవలెను. "కొట్టబడినది" అని దాని అర్థము. ఊరి పేరు దానిని అంటియే ఉండును. అయితే ఊరి పేరు కూడ కొన్నిచోట్ల నమ్మదగినది కాదు. ఆర్కాటు పేరుతో రూపాయలు ఆర్కాటులోనే గాక మదరాసులోను, పుదుచ్చేరిలోను, కలకత్తాలోను కొట్టబడినవి. రెండవ ఆలంగీరు పేరుతో, హిజ్రీ 1172, రాజ్యసంవత్సరము 6 అన్న అంకెలతో మదరాసు కంపెనీవారు ఆ చక్రవర్తి 1759లో మరణించిన తరువాత కూడ దశాబ్దముల పాటు రూపాయలు కొట్టించినారు. రాజు పేరు పాతది, తేదీ నిలిచిపోయినది, ఊరు వేరు. ఇట్టి నాణెము మీద నిజము చెప్పునది చిన్న గుర్తు ఒక్కటే. తామరపువ్వు ఉన్నచో మదరాసు ఇంగ్లీషువారిది. చంద్రవంక ఉన్నచో పుదుచ్చేరి ఫ్రెంచివారిది. గులాబి ఉన్నచో కలకత్తాది. మచిలీపట్నపు రూపాయలకు త్రిశూలము గుర్తు.

కంపెనీవారు తెలుగు లిపిని కూడ నాణెములకు ఎక్కించినారు. 1807, 1808 ప్రాంతమున మదరాసు టంకశాల నుండి వెలువడిన వెండి అర వరహా, పావు వరహా నాణెములపై ఒకవైపు గోపురము, నక్షత్రములు, రెండవవైపు విష్ణుమూర్తి. చుట్టును ఇంగ్లీషు, పారశీక, తమిళ, తెలుగు లిపులలో విలువ వ్రాసియున్నది. తెలుగు అక్షరమే అక్కడ నాణెపు జన్మస్థలమునకు సాక్షి. ఇంతకు పూర్వమే 1794, 1797 సంవత్సరముల తేదీలతో ఉత్తర సర్కారుల కొరకు ఇంగ్లండులోని బర్మింగుహాము నగరపు సోహో టంకశాలలో రాగి నాణెములు తయారైనవి. రూపాయికి నలువదియెనిమిది అను లెక్క వాటిమీదనే కలదు. సర్కారులలో వాడిన రాగి "డబ్బు" పేరే క్రమముగా తెలుగున ధనమంతటికి పేరైనది. 1818లో మదరాసు రాజధానిలో వరహా లెక్క పోయి రూపాయి లెక్క స్థిరపడినది. ఒక వరహాకు మూడున్నర రూపాయలు కట్టినారు.

ఒకే రూపాయి - పలు టంకశాలలు

1835 నాటి శాసనముతో కంపెనీ పాలనలోని దేశమంతటికిని ఒకే రూపాయి వచ్చినది. దాని తూకము 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. అందులో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. ఈ తూకమే తులము. అందుకనియే కంసాలి చేతిలో రూపాయి నాణెముగానే గాక తూనికరాయిగా కూడ పని చేసినది.

రూపాయి ఒక్కటైనను టంకశాలలు కలకత్తా, బొంబాయి, మదరాసులలో ఉండెను. మదరాసు టంకశాల 1869లో మూతబడినది. అటుపిమ్మట అనేక దశాబ్దములు కలకత్తా, బొంబాయి మాత్రమే మిగిలినవి. కనుక గంజాం ఇండ్లలోని రూపాయలలో ఎక్కువవాటి విషయమున అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది కలకత్తాదా, బొంబాయిదా?

విక్టోరియా రాణి పేరుతో 1862లో వచ్చిన రూపాయిలపై మొదట ఒక చిక్కు కలదు. 1874 వరకు కొట్టిన రూపాయలన్నింటిపై 1862 అన్న తేదీయే ఉంచినారు. బొంబాయివారు సంవత్సరము తెలియుటకై వెనుకవైపున తేదీ దగ్గర చుక్కలను చేర్చిరి. 1874 నుండి ఏటి తేదీ ఆ యేటికి వేయసాగిరి. 1877 నుండి "రాణి" అన్న మాటకు బదులు "చక్రవర్తిని" అన్న బిరుదు వచ్చినది. ఈ రూపాయలకు వెనుకవైపు అడుగుభాగమున, లత పువ్వు చెంత చూడవలెను. బొంబాయివైనచో ఇంగ్లీషు "బి" అక్షరము ఉబ్బెత్తుగానో, లోపలికి గుంటగానో ఉండును. కలకత్తావైనచో గుంటపడిన "సి" అక్షరము ఉండవచ్చును. లేదా ఏ గుర్తును లేకపోవచ్చును.

ఏడవ ఎడ్వర్డు రూపాయలు 1903 నుండి 1910 వరకు వచ్చినవి. వీటిలో బొంబాయివాటికి వెనుకవైపు అలంకారములో సూక్ష్మమైన గుంట "బి" కలదు. కలకత్తావాటికి గుర్తు లేదు. ఐదవ జార్జి రూపాయల వెనుకవైపున గులాబి, తామర మొదలైన పుష్పములతో కూడిన దండ ఉన్నది. అడుగున ఉన్న తామరపువ్వు క్రింది ఖాళీలో ఒక చుక్క ఉబ్బెత్తుగా కనబడినచో అది బొంబాయి. చుక్క లేనిచో కలకత్తా. ఈ రాజు తొలి రూపాయి మీద 1911లో ఒక వింత జరిగినది. రాజు ధరించిన హారములోని ఏనుగు బొమ్మ తొండము పొట్టిగా ఉండి పందివలె కనబడుచున్నదని జనులు ఆక్షేపించిరి. 1912 నుండి ఏనుగును సరిదిద్దిన అచ్చు వాడుకకు వచ్చినది. కనుక 1911 రూపాయిని ఏనుగును చూచి కూడ పోల్చుకొనవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున లాహోరులో టంకశాల ఏర్పడినది. 1943 నుండి అచటి వెండి నాణెములకు "ఎల్" అక్షరము గుర్తు. దేశవిభజనతో ఆ టంకశాల పాకిస్తానుకు చెందినది.

గుర్తు లేకపోవుటయే గుర్తు

ఈ వివరములలో విద్యార్థులు శ్రద్ధగా గమనింపదగినది ఒకటి కలదు. కలకత్తా టంకశాల అనేక నాణెములపై ఏ గుర్తును వేయలేదు. కనుక ఏమియు లేకపోవుటయే కలకత్తాకు గుర్తైనది. కాని "గుర్తు లేదు" అనుట వేరు, "గుర్తు కనబడుట లేదు" అనుట వేరు. చేతులు మారి అరిగిన రూపాయిపై చుక్క చెరిగిపోయి ఉండవచ్చును; మురికి గుంట "బి"ని పూడ్చి ఉండవచ్చును; ఆభరణమునకు కొక్కెము అతికినప్పుడు ఆ చోటు టంకముతో కప్పబడి ఉండవచ్చును. గుర్తు ఉండవలసిన స్థలము నునుపుగా, స్పష్టముగా, చుట్టుప్రక్కల రేకులు చెక్కుచెదరక ఉన్నప్పుడే "గుర్తు లేదు" అని నిర్ణయింపవలెను. లేనిచో నోటు పుస్తకములో "తెలియదు" అని వ్రాయుటయే సత్యము. తెలియనిదానిని తెలియదని వ్రాయుట పరిశోధనలో మొదటి నియమము.

గుర్తును ఎంగ్రేవరు పొడి అక్షరములతో పొరబడరాదు. 1840 తేదీ గల రూపాయిలపై రాణి మెడ దగ్గర కనబడు "డబ్ల్యు.డబ్ల్యు." అక్షరములు బొమ్మ చెక్కిన విలియం వియాన్ పేరునకు చెందినవి. అవి టంకశాలను తెలుపవు.

గంజాం జిల్లా మదరాసు రాజధానిలో ఉన్నను, కలకత్తాకును మదరాసుకును నడుమ సముద్రతీరమున ఉన్నది. ఈ జిల్లా నుండి వేలాదిమంది కూలికై గోపాలపురం రేవులో ఓడ నెక్కి రంగూను పోయిరి. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగము. అచటను ఈ రూపాయియే చెల్లెను. వరికోతల కాలమునకు పోయి, మిల్లులలో పని చేసి, నడుమున కట్టిన గుడ్డ సంచిలో రూపాయలు తెచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు గంజాంలో ఉన్నారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు ఆ దారి మూతపడినది. ఒక ఇంటి ముడిలోని రూపాయల తేదీలును గుర్తులును వరుసగా వ్రాసికొని, ఆ ఇంటి పెద్దలు ఎప్పుడు ఎచటికి పోయి వచ్చిరో అడిగి పక్కన వ్రాసినచో, పుస్తకములలో లేని చరిత్ర ఒక పుట సిద్ధమగును. ఒక నాణెముతో నిర్ణయము చేయరాదు. పది ఇండ్ల ముడులు పోల్చినచో ఒక తీరు కనబడవచ్చును.

వెండి తగ్గిన కథ

1893 వరకు ఎవరైనను వెండిని టంకశాలకు తీసికొనిపోయి రూపాయలు కొట్టించుకొనవచ్చును. కనుక రూపాయి విలువయు, అందులోని వెండి విలువయు దగ్గరగా ఉండెడివి. ఆ యేడాది ప్రభుత్వము ఆ హక్కును ఆపివేసినది. అప్పటినుండి రూపాయి విలువ అందులోని వెండి ధరకంటె పెరిగినది. దీని ఫలితముగా మంచి వెండితోనే దొంగ రూపాయలు చేయుట కూడ లాభసాటియైనది. కావున వెండి మంచిదైనంత మాత్రమున నాణెము అసలైనదని చెప్పరాదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండి దొరకుట కష్టమైనది. 1918లో అమెరికా ప్రభుత్వము పిట్‌మన్ చట్టము ద్వారా తన వెండి డాలర్లను కరిగించి సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశమునకు అమ్మినది. అదే యేట రెండణాలు, 1919లో నాలుగణాలు, ఎనిమిదణాలు వెండికి బదులు రాగి, నికెలు మిశ్రమముతో వచ్చినవి. ఆ నాణెములపై ఇంగ్లీషుతో పాటు నాగరి, పారశీకము, వంగ లిపి, తెలుగు లిపులలో విలువ వ్రాసినారు. అక్షరము ఎరిగిన గంజాం తెలుగువాడు ఆనాడు సంతలో తన లిపిలోనే అణాలు చదువుకొన్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధము రాగానే మరల కొరత వచ్చినది. ఆరవ జార్జి రూపాయలలో 1938, 1939 తేదీలవి పాత పాళ్లతోనే ఉన్నవి. 1940 నుండి రూపాయిలో వెండి సగమునకు తగ్గినది. మిగిలిన సగములో రాగి, నికెలు, తుత్తునాగము చేరినవి. తూకము మాత్రము మారలేదు. దొంగ నాణెములను అరికట్టుటకై అంచు గీతల నడుమ ఒక గాడి తీసినారు. చూపుడువ్రేలి గోటితో తడిమినను ఆ గాడి తెలియును. పాత రూపాయలు మంచి వెండివి కావున వాటిని ప్రభుత్వము వెనుకకు తీసికొనసాగినది: విక్టోరియా రూపాయలు 1941లోను, ఎడ్వర్డు రూపాయలు 1942లోను, జార్జి రాజుల మంచి వెండి రూపాయలు 1943లోను చెల్లుబడి కోల్పోయినవి. 1947లో రూపాయి కేవలము నికెలుదైనది. వాడుక రూపాయిగా వెండి ప్రస్థానము అంతటితో ముగిసినది.

ఈ లెక్కను ఇల్లాలి లెక్కగా చెప్పవలెనన్న, 1939 వరకు గల పది రూపాయలలో సుమారు 107 గ్రాముల వెండి కలదు. 1940 నుండి 1945 వరకు గల పది రూపాయలలో సుమారు 58 గ్రాములే కలదు. రెండు రాశుల తూకము ఒక్కటే. అన్నింటిని ఒకే పళ్లెములో పోసి సగము వెండి ధర కట్టినచో, పది పాత రూపాయలపై నాలుగు తులములకు మించిన వెండి నష్టము. తేదీ చదువగల ఆరవ తరగతి పిల్ల తల్లి పక్కన నిలుచున్నను ఈ నష్టము తప్పును.

చూచు విధానము

నాణెమును పరీక్షించు పద్ధతి సులభమైనది. దానికి ఒక క్రమము మాత్రము కావలెను.

మొదట, నాణెమును కడుగరాదు. చింతపండు, విభూది, ముగ్గుపిండి, ఇటుకపొడి తగిలినచో మెరుపు వచ్చును గాని, గుర్తు అరుగును. మరీ మురికిగా ఉన్నచో మంచినీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. పట్టుకొనునప్పుడు అంచులను మాత్రమే పట్టుకొనవలెను.

రెండవది, తూకము. మంచి రూపాయి 11.66 గ్రాములకు దగ్గరగా ఉండవలెను. అరిగినది కొంచెము తగ్గును. బాగుగా తగ్గినను, పెరిగినను అనుమానింపవలెను.

మూడవది, బొమ్మయు తేదీయు. ఏ రాజు, ఏ సంవత్సరము అని తెలిసినచో గుర్తు ఎచట వెదకవలెనో తెలియును.

నాలుగవది, వెలుతురు. ఎండలో ఎదురుగా పెట్టి చూచినచో చుక్క కనబడదు. కిటికీ ప్రక్క కూర్చుండి వెలుతురు ఏటవాలుగా పడునట్లు నాణెమును మెల్లగా త్రిప్పుచు, పది రెట్లు పెంచి చూపు భూతద్దముతో చూడవలెను. ఉబ్బెత్తు గుర్తు ఒకవైపు నీడ వేయును. గుంట గుర్తు తనలోనే నీడ దాచుకొనును.

ఐదవది, అంచు. గీతలు సమముగా ఉన్నవా, 1940 తరువాతిదైనచో గాడి ఉన్నదా అని చూడవలెను. అంచు చుట్టును సన్నని అతుకు గీత కనబడినచో అది అచ్చుతో కొట్టినది కాక, మూసలో పోత పోసినదని అనుమానింపవలెను.

ఆరవది భౌతికశాస్త్ర తరగతికి తగిన పరీక్ష. నాణెమును దారముతో కట్టి గాలిలోను నీటిలోను తూచవలెను. 11.66 గ్రాముల మంచి రూపాయి నీటిలో సుమారు 1.13 గ్రాములు తేలికగును. దాని సాంద్రత నీటికి 10.3 రెట్లు. సగము వెండి రూపాయి అంతకంటె ఎక్కువ తేలికగును. ఆర్కిమెడీసు సూత్రము బల్ల మీది పాఠము కాదని పిల్లలకు అప్పుడు తెలియును. అయస్కాంతము వెండిని లాగదు. 1947 నాటి నికెలు రూపాయిని లాగును.

జాతరలలోను తీర్థములలోను దొరకు కొన్ని బిళ్లల విషయమున కూడ జాగ్రత్త అవసరము. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1717, 1818, 1839 వంటి తేదీలతో, హనుమంతుడు, సీతారాములు, లక్ష్మీదేవి బొమ్మలు గల బిళ్లలు కంపెనీ నాణెములు కావు. ఏ టంకశాల గుర్తును వాటికి లేదు. పూజకు ఉంచుకొనుటకు అభ్యంతరము లేదు. వేలకు వేలు పోసి కొనుట తగదు.

భూమిలో దొరికిన నాణెముల విషయమున చట్టము వేరు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి పురావస్తువుల చట్టము క్రిందికి వచ్చును; వాటిని విదేశములకు పంపరాదు. పొలములో కుండ బయటపడినప్పుడు నాణెములు పంచుకొనుటకంటె, ఏ చోట, ఎంత లోతున, ఏ పాత్రలో దొరికినవో చెదరకుండ తెలుపుటయే దేశమునకు మేలు.

ప్రతి జేబులోని పాఠము

వెండి రూపాయి లేని ఇంటి పిల్లలు ఈ విద్య తమకు కాదని అనుకొనరాదు. స్వతంత్ర భారత నాణెములపై తేదీ క్రింద నేటికీ గుర్తులున్నవి. వజ్రపు ఆకారము ముంబయిది, నక్షత్రము హైదరాబాదుది, గుండ్రని చుక్క 1988లో ఆరంభమైన నోయిడాది, ఏమియు లేనిది కలకత్తాది. హైదరాబాదు టంకశాల నిజాము కాలము నాటిది. చార్మినారు బొమ్మగల ఉస్మానియా రూపాయలు అచటనే పుట్టినవి. ఆ చార్మినారు ద్వారములో "మీమ్" అక్షరమున్నచో మహబూబు అలీఖాను కాలము, "ఐన్" అక్షరమున్నచో ఉస్మాను అలీఖాను కాలము. 1950లో ఆ టంకశాల భారత ప్రభుత్వ పరమైనది. 1997లో సైఫాబాదు నుండి చర్లపల్లికి తరలినది. గాంధీజీ శతజయంతికి 1969లో వెలువడిన పది రూపాయల వెండి నాణెముపై కూడ ముంబయి, కలకత్తాల భేదము ఈ పద్ధతిలోనే తెలియును. ఒక్కొక్క తరగతివారు ఒక వారముపాటు తమ చేతికి వచ్చిన చిల్లరను నాలుగు గుర్తుల క్రింద పట్టిక వేసినచో, గణితము, భూగోళము, చరిత్ర ఒకే కాగితము మీదికి వచ్చును.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలినది. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం వైపు భూములు మదరాసు రాజధానిలోనే ఉండి, విశాఖపట్నం జిల్లాలో చేరినవి. బరంపురం, ఛత్రపురం ఒరిస్సాలో చేరినవి. అక్కచెల్లెండ్రు ఒకరు ఇటు, ఒకరు అటు ఉండిపోయిరి. వారి పెట్టెలలోని రూపాయలు మాత్రము ఒకే టంకశాలవి. అట్టి సంగతులను ఏ ప్రభుత్వ పత్రమును వ్రాసి పెట్టలేదు. ఇంటివారే వ్రాసి పెట్టుకొనవలెను.

అందువలన ఈ ఉత్సవ సందర్భమున ప్రతి విద్యార్థికిని ఒక పని సూచింపబడుచున్నది. ఇంటిలో పాత నాణెమున్నచో, అమ్మవద్దని పెద్దలను నిర్బంధింపనక్కరలేదు. అవసరము వచ్చినప్పుడు అమ్ముట తప్పు కాదు. అమ్మకమునకు ముందు ఒక్క పూట దానిని అడిగి తీసికొని, రాజు పేరు, తేదీ, తూకము, గుర్తు, గుర్తున్న చోటు, ఇంటికి ఎవరి ద్వారా వచ్చినది అను ఆరు సంగతులు ఒక కాగితము మీద తెలుగులో వ్రాయవలెను. రెండు వైపుల కాగితము పరచి పెన్సిలుతో మెల్లగా రుద్ది బొమ్మ తీసికొనవలెను. ఆ కాగితములను పాఠశాల గ్రంథాలయములో ఒక కవిలెగా కుట్టి ఉంచవలెను. వెండి ఇల్లు విడిచిపోయినను, దాని సాక్ష్యము ఊరు విడిచిపోదు.

1918 నాటి రెండణాల బిళ్లపై తెలుగు అక్షరములు నేటికీ చెరగలేదు. అవి చదువగల పిల్లలు గంజాంలో ఉన్నంతకాలము ఆ బిళ్ల నాణెముగానే నిలుచును. చదువగలవారు లేనినాడు అది తూకమునకు వచ్చు లోహము మాత్రమగును. డెబ్బదియైదేండ్లుగా ఆ అక్షరములను నేర్పుచున్న ఈ పాఠశాలకు మరి డెబ్బదియైదేండ్లు అదే పని మిగిలియున్నది.